వరస కన్నా ముందు మాట: చిన్నపిల్లలకు ఇంట్లో తెలుగు చదవడం నేర్పే పద్ధతి

నాలుగున్నరేళ్ల పాప 'అ' మొదలుకొని 'ఱ' దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు మెచ్చుకుంటారు. అదే పాప ముందు పలక మీద 'వల' అని రాసి చూపిస్తే, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, 'య ర ల వ' అని లోలోపల పాడుకుంటే గాని దాని పేరు చెప్పలేదు. చెప్పిన తరువాత కూడా 'వ', 'ల' అని రెండు ముక్కలుగానే పలుకుతుంది తప్ప, ఆ రెండూ కలిస్తే చేపలు పట్టే వల అయిందని గుర్తించదు. పాప తెలివిలో లోటేమీ లేదు. మనం ఆమెకు వరస నేర్పాము, చదవడం ఇంకా నేర్పలేదు.

నాలుగు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. ఇందులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అన్నీ పూర్తయ్యేదాకా చదవడాన్ని వాయిదా వేయకూడదు. ఐదు అక్షరాలు వచ్చిన రోజునే ఆ ఐదింటితో అయ్యే మాటలు చదివించాలి; చదివిన ప్రతి మాటా బిడ్డకు అర్థం తెలిసినదై ఉండాలి. దీనికి రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కాని రోజూ కావాలి. ఆదివారం నాడు రెండు గంటలు కూర్చోబెట్టడం దీనికి బదులు కాదు.

విజయదశమికో వసంత పంచమికో బాసరలోనో ఇంట్లోనో బియ్యంలో బిడ్డ వేలు పట్టుకొని 'ఓం నమః శివాయ' అని దిద్దిస్తాము. ఓనమాలు అన్న మాటే ఆ 'ఓం నమః' నుంచి వచ్చింది. ఆ శుభకార్యం నాటికి బిడ్డకు మూడేళ్లే నిండి ఉండవచ్చు. అంతమాత్రాన మరునాటి నుంచే పెన్సిలు పట్టించవలసిన అవసరం లేదు. ఆ తరువాతి ఏడాది అంతా చెవికి ఇవ్వవలసిన శిక్షణ ఉంది.

చెవితో మొదలుపెట్టడం

తెలుగు రాతలో ఒక అక్షరం అంటే నోటితో ఒక్కసారిగా పలికే ఒక ముక్క. 'పలక' అన్న మాటలో మూడు ముక్కలు వినిపిస్తాయి, మూడు అక్షరాలే రాస్తాము. ఇంగ్లీషులో ఒకే అక్షరం ఒక్కో మాటలో ఒక్కో విధంగా పలుకుతుంది గనుక అక్కడి పిల్లలు ఎదుర్కొనే ఇబ్బంది మన పిల్లలకు చాలావరకు ఉండదు. అయితే ఈ సౌలభ్యం అక్కరకు రావాలంటే, మాటను ముక్కలుగా విడదీయవచ్చునని బిడ్డ చెవికి ముందుగా తెలియాలి. కాగితం, పలక ఏవీ లేకుండానే ఈ పని చేయవచ్చు. అన్నం తినిపిస్తూ 'గ-డ-ప' అని మూడు చప్పట్లు కొట్టించండి. 'చెం-చా' అంటే రెండు, 'అ-ర-టి-పం-డు' అంటే ఐదు. ఇంట్లో అందరి పేర్లూ ఇలా చప్పట్లతో లెక్కపెట్టించండి, ఎవరి పేరు పెద్దదో తేల్చించండి.

చప్పట్లు బాగా వచ్చిన తరువాత 'పనసలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?' అని అడగండి. బిడ్డ 'నస' అని నవ్వుతూ చెప్పిన రోజున సగం పని అయినట్టే లెక్క. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో మరొకరు కొత్త మాట అందుకొనే అంత్యాక్షరి కూడా ఈ వయసులో ఆట రూపంలో ఉన్న పాఠమే. చివర, మొదలు అనే రెండు చోట్లనూ బిడ్డ చెవి పట్టుకోవడం అలవాటవుతుంది. ప్రయాణాలలో, కరెంటు పోయిన సాయంత్రాలలో దీనికి మించిన పాఠం నాకు కనిపించలేదు.

దీనితో పాటు రోజూ ఒక కథ చెప్పడం, ఒక కథ చదివి వినిపించడం రెండూ జరగాలి. ఈ రెండూ ఒకటి కావు. చెప్పే కథలో మన ఇంటి మాట ఉంటుంది, చదివే కథలో పుస్తకం మాట ఉంటుంది. 'అనగనగా ఒక ఊళ్లో' అన్న వాక్యం ఎలా సాగుతుందో వందసార్లు విన్న బిడ్డ, రేపు తాను చదివేటప్పుడు ఆ వాక్యం ఎటు పోతుందో ముందే ఊహించగలుగుతుంది. పొడుపు కథలు కూడా వేయండి. విన్న మాటల వెనుక అర్థాన్ని వెతికే అలవాటు వాటితోనే వస్తుంది.

మొదటి ఐదు అక్షరాలు

వర్ణమాల క్రమం గొప్ప శాస్త్రీయ అమరిక. కంఠం దగ్గర పుట్టే 'క' వర్గం నుంచి పెదవుల దగ్గర పుట్టే 'ప' వర్గం దాకా నోటి లోపలి నుంచి బయటికి నడిపించే ఆ వరసను బిడ్డ తప్పకుండా నేర్చుకోవాలి, కాని తరువాత నేర్చుకోవాలి. నేర్పే క్రమానికి ఆ వరస పనికిరాదు. అచ్చులతో మొదలుపెడితే పదహారు అక్షరాలు దాటినా చదవడానికి ఒక్క మాట దొరకదు. 'క ఖ గ ఘ ఙ' దగ్గరికి వచ్చేసరికి, తన జీవితంలో ఒక్కసారి కూడా వాడని అక్షరాలు బిడ్డకు ఎదురవుతాయి.

త, ల, వ, క, డ. ఈ ఐదింటితో మొదలుపెట్టి చూడండి. ఒక్క గుణింతపు గుర్తూ లేకుండా తల, వల, కల, వడ, కడవ, తడక అనే మాటలు వస్తాయి. రోజుకొక అక్షరం చొప్పున కాకుండా, మొదటి రోజునే త, ల రెండూ ఇచ్చి 'తల' చదివించండి. బిడ్డ తన తల మీద చెయ్యి పెట్టుకొని ఆ మాట చదవాలి. రెండు మూడు రోజులకు 'వ' కలిపి 'వల' చదివించండి. వారం పది రోజుల్లో ఐదూ గట్టిపడతాయి. అప్పుడు 'ప' ఇస్తే పలక, పడవ, పడక వచ్చి చేరతాయి, కడప ఊరి పేరు కూడా చదవడం వస్తుంది. 'ప' ను కొంత ఆలస్యంగా ఇవ్వమనడానికి కారణం ఉంది: ప, వ లు చూడడానికి దగ్గరగా ఉంటాయి. పోలిక ఉన్న రెండు అక్షరాలను ఒకే వారంలో నేర్పితే రెండూ కలగాపులగం అవుతాయి. ఒకటి స్థిరపడిన తరువాతనే రెండోది ఇవ్వాలి. న–స, డ–ద, బ–భ, ఎ–ఏ, ఒ–ఓ జంటలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

ఆ తరువాత గ, న, ర, ట, మ, జ, బ, స, ద, య వంటి తరచుగా వచ్చే హల్లులు, వాటి మధ్యలో మాట మొదట్లో వచ్చే అచ్చులు ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవాలి: అల, ఆట, ఈగ, ఈత, ఉడత, ఊయల, ఓడ. ఖ, ఘ, ఛ, ఝ వంటి మహాప్రాణాలను మాటల్లో ఎదురైనప్పుడు చెబితే సరిపోతుంది. బిడ్డ పేరులోనే అటువంటి అక్షరం ఉంటే మాత్రం దాన్ని మొదటి నెలలోనే నేర్పండి. తన పేరు చదవలేని చదువు మీద ఏ బిడ్డకూ ఆసక్తి నిలవదు.

ఈ దశలో తెలుగు మనకు ఇచ్చిన ఒక కానుకను చాలామంది వాడుకోవడం లేదు. గలగల, గబగబ, చకచక, టపటప, పకపక, గడగడ, దడదడ, వలవల: ఈ జంట మాటలన్నీ గుణింతం లేని అక్షరాలతోనే అవుతాయి. మొదటి సగం కూడబలుక్కొని చదివిన బిడ్డ, రెండో సగం అదే అని చూసి ఒక్క గుక్కలో చదివేస్తుంది. తడుముకోకుండా చదవడం ఎలా ఉంటుందో ఆ బిడ్డకు తెలిసేది ఆ క్షణంలోనే. పైగా వీటికి అర్థం చెప్పనక్కరలేదు. 'వలవల' చదివి ఏడుపు నటించమనండి, 'పకపక' చదివి నవ్వమనండి. అట్ట ముక్కల మీద ఒక్కో మాట రాసి పెట్టుకుంటే, తీసిన ముక్క చదివి నటించే ఆట అవుతుంది.

గుణింతాన్ని అడ్డంగా కాక నిలువుగా

'కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి' అంటూ ఒక అక్షరానికి అన్ని గుర్తులూ పెట్టి పాడించడం మన అలవాటు. ముప్పై ఆరు హల్లులకు పన్నెండేసి రూపాలు లెక్కపెడితే నాలుగు వందలకు పైగా అవుతాయి. వాటన్నిటినీ పాటగా కంఠతా పట్టించే బదులు, ఒక్క గుర్తును తీసుకొని దాన్ని బిడ్డకు వచ్చిన అక్షరాలన్నిటికీ పెట్టి చూపించడం మేలు. దీర్ఘం ఒక్కటే వారం రోజులు నడిపించండి: తాత, పాప, మామ, బావ, వాన, పాట, కాయ. ఆ గుర్తు ఏ అక్షరం మీద పడినా గొంతును సాగదీస్తుందని బిడ్డకు అర్థమైన తరువాత, కొత్త అక్షరానికి దీర్ఘం మీరు నేర్పనక్కరలేదు, తానే పెట్టుకొని చదువుతుంది. తరువాత గుడితో చిలక, గిలక, మిడత, నది, గది. కొమ్ముతో ఆవు, పులి, ఎలుక, గురక. సున్నను దీర్ఘం వెంటనే ఇచ్చేయవచ్చు, ఎందుకంటే గంట, పంట, మంచం, కంచం వంటి ఇంటి మాటలు దానితో ఎన్నో వస్తాయి. గంటలో, కంచంలో, కంబళిలో సున్న ఒక్కో విధంగా పలుకుతుంది గాని దాన్ని వివరించకండి. మాట తెలిసిన బిడ్డ నోరు దానంతటదే సరిగ్గా పలుకుతుంది. చాపలోని 'చ' ఒక రకంగా, చిలకలోని 'చ' మరొక రకంగా పలకడం కూడా అంతే. తెలిసిన మాటలతోనే మొదలుపెట్టమని నేను పట్టుబట్టడానికి ఇది మరొక కారణం.

హ్రస్వ దీర్ఘాల తేడా చాలాకాలం తడబాటు పెడుతుంది. తిట్టినందువల్ల అది పోదు. తేడా వల్ల అర్థం మారే జంటలు పక్కపక్కన చూపితే పోతుంది. కలం–కాలం, వడ–వాడ, పడు–పాడు రాసి, 'తాతయ్య చేతిలో ఏది ఉంది, కలమా కాలమా?' అని అడగండి. 

కొన్ని గుర్తులు అన్ని అక్షరాలకూ ఒకేలా అంటుకోవు. త, క లకు కొమ్ము పక్కన నిలబడితే, ప, వ లకు అడుగు నుంచి వంపు తిరిగి వస్తుంది. అందువల్లనే 'వు' కు, 'మ' కు పోలిక వచ్చి, చాలామంది పిల్లలు 'ఆవు' ను 'ఆమ' అని చదువుతారు. మొ, యొ లలో ఒత్వం మిగతా అక్షరాలలో ఉన్నట్టు కనిపించదు. ఐత్వానికి ఒక ముక్క పైన, ఒక ముక్క కింద ఉంటాయి. వీటిని నియమాలుగా చెప్పకుండా, మొలక, కైమా, మోకాలు వంటి మాటలలో చూపించి వదిలేయండి.

ఒత్తుల దగ్గర ఓపిక

అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ. బిడ్డకు అందరి కన్నా దగ్గరివాళ్ల పేర్లన్నిటిలోనూ ఒత్తు ఉంది. మన పాఠాల వరసలో ఒత్తులు ఆఖరున వస్తాయి కాబట్టి, ఏడాది చదివిన తరువాత కూడా కొందరు పిల్లలు 'అమ్మ' అని చదవలేరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అందువల్ల ఈ ఆరు మాటలను మొదటి నెలలోనే, ఒత్తు గురించి ఏమీ చెప్పకుండా, బొమ్మను గుర్తుపట్టినట్టు మొత్తం మాటగా గుర్తుపట్టేలా చేయండి. కుటుంబం ఫొటో కింద ఒక్కొక్కరి దగ్గరా ఆ మాట రాసి గోడకు అతికిస్తే చాలు.

ఒత్తులను విడిగా నేర్పే సమయం వచ్చినప్పుడు, అదే అక్షరానికి అదే ఒత్తు వచ్చే ద్విత్వాక్షరాలతో మొదలుపెట్టాలి. గ, చ, డ, ప, వ వంటి వాటి ఒత్తు తలకట్టు తీసేసిన చిన్న అక్షరమే గనుక బుగ్గ, పిచ్చుక, గడ్డి, కప్ప, పువ్వు తేలికగా వస్తాయి. త, న, మ, య, ర, ల ల ఒత్తులు మాత్రం అసలు అక్షరంతో పోలిక లేకుండా ఉంటాయి, పైగా మాటల్లో ఎక్కువగా వచ్చేవి ఇవే. వీటికి వారానికి ఒకటి చొప్పున సమయం ఇవ్వండి.

అసలు చిక్కు ఒత్తు ఆకారంలో లేదు, పలికే క్రమంలో ఉంది. 'పిల్లి' లో గుడి పై అక్షరం మీద కనిపిస్తుంది, కాని ఆ ఇకారం వినిపించేది కింది అక్షరం తరువాత. 'సూర్యుడు' లో కొమ్ము 'ర' కు ఉన్నట్టు కనిపిస్తుంది గాని పలకవలసింది 'యు' అని. ఇది తెలియక పిల్లలు 'సూరుయడు' అంటారు. దీన్ని ఇలా విడదీసి చూపించవచ్చు: ముందు ఒత్తును వేలితో మూసి 'పిలి' అని చదివించండి; వేలు తీసి, పై అక్షరాన్ని నోట్లోనే ఆపి 'పిల్' అనిపించండి; ఆ ఆపిన చోట నుంచి కింది అక్షరానికి గుడిని ఇచ్చి 'లి' అనిపించండి. గుడి–గుడ్డి, గడి–గడ్డి, చెలి–చెల్లి జంటలు దీనికి బాగా పనికొస్తాయి. ద్విత్వాలు కుదిరిన తరువాత పుస్తకం, చంద్రుడు, సూర్యుడు వంటి సంయుక్తాక్షరాలకు వెళ్లాలి. ఈ మెట్టు ఎక్కడానికి మూడు నాలుగు నెలలు పట్టినా కంగారు పడకండి.

పుస్తకం ముందు కూర్చున్నప్పుడు

బిడ్డను పక్కన గాని ఒళ్లో గాని కూర్చోబెట్టుకొని, మీ వేలు అక్షరాల కింద కదిలిస్తూ ముందు మీరు పేజీ అంతా చదవండి. రెండోసారి ఇద్దరూ కలిసి చదవాలి. మూడోసారి బిడ్డ ఒక్కతే చదువుతుంది, అవసరమైన చోట మీరు అందుకుంటారు. ఒకే పుస్తకాన్ని పది రోజులు చదవమని అడిగితే విసుక్కోకండి. కంఠతా వచ్చిన పేజీని వేలు పెట్టి చదివేటప్పుడే, తెలిసిన శబ్దానికి తెలియని అక్షరం జతపడుతుంది.

బిడ్డ ఒక మాట దగ్గర ఆగిపోతే వెంటనే చెప్పేయకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం అడగండి. అదీ కుదరకపోతే మాట చెప్పి ముందుకు సాగండి. ఒక్క మాట కోసం కథ ఆగిపోకూడదు. బొమ్మ చూసి 'పులి' ని 'పిల్లి' అని చదివితే, తప్పు అనకుండా, 'పిల్లి అయితే కింద ల ఒత్తు ఉండాలి కదా, ఉందేమో చూడు' అనండి. వాక్యం అయ్యాక 'ఎవరు వచ్చారు? ఎందుకు వచ్చారు?' అని ఒక ప్రశ్న వేయండి. జవాబు రాకపోతే, బిడ్డ అక్షరాలను పలికింది గాని వాక్యాన్ని చదవలేదని అర్థం చేసుకొని, అదే వాక్యాన్ని మాట్లాడే ధోరణిలో మీరు ఒకసారి చదివి వినిపించండి.

నిమిషానికి ఎన్ని మాటలు చదివిందని గడియారం పెట్టి చూడడం ఇంట్లో చేయవలసిన పని కాదని నా అభిప్రాయం. తెలుగులో 'చదువుకుంటున్నప్పుడల్లా' అన్నది ఒక్క మాటే. మరో భాషలో నాలుగైదు మాటలయ్యేది మనకు ఒకటిగా అంటుకొని ఉంటుంది. అటువంటి పొడుగు మాటలను పెన్సిలుతో సన్న గీతలు పెట్టి 'చదువు–కుంటు–న్నప్పు–డల్లా' అని విరిచి ఇవ్వండి, తరువాత గీతలు చెరిపేసి మళ్లీ చదివించండి. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవగలగాలనే లక్ష్యం పెట్టుకుంది. కాబట్టి ఒకటో తరగతి బిడ్డ విషయంలో ఆత్రపడవలసిన పని లేదు.

పుస్తకాలకు ఖర్చు పెద్దగా ఉండదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో నాలుగు స్థాయిలుగా విభజించిన తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని ముద్రించుకోవచ్చు కూడా. 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థలు తక్కువ ధరలకు బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. పుస్తకం లేని చోట ఆర్టీసీ బస్సు బోర్డు, కిరాణా కొట్టు పేరు, పెళ్లి శుభలేఖ, గోడ మీది క్యాలెండర్ ఉన్నాయి. బస్టాండులో మన బస్సు ఏదో వెతికే బాధ్యత బిడ్డకు అప్పగించండి.

ఇంటి మాట, పుస్తకం మాట

ఒక ఇంట్లో సొరకాయ, ఇంకో ఇంట్లో ఆనపకాయ. ఒకచోట 'వచ్చిండు', మరోచోట 'వచ్చాడు'. పుస్తకంలో 'సొరకాయ' అని ఉంటే బిడ్డ బొమ్మ చూసి 'ఆనపకాయ' అన్నదనుకోండి, అర్థం పట్టుకుంది కాబట్టి ముందు మెచ్చుకోండి. ఆ తరువాత 'మనం అలా అంటాము, ఇక్కడ ఇలా రాశారు' అని అక్షరాలు చూపించండి. ఇంటి మాట తప్పని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ మాట తప్పయితే ఆ మాట మాట్లాడే అమ్మ కూడా తప్పేనని బిడ్డకు తోస్తుంది.

ఇంట్లో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు అక్షరం నేర్పే ముందు తెలుగు మాట వినిపించడానికి మరింత కాలం కావాలి. తెలియని మాటను కూడబలుక్కోవడంలో చదవడం ఉండదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారు చేయడానికి పూనుకున్నది ఈ సంగతి గ్రహించే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

విదేశాలలో పెరుగుతున్న పిల్లలది వేరొక పరిస్థితి. వాళ్లకు ఇంగ్లీషు చదవడం ముందే వచ్చి ఉంటుంది, అంటే అక్షరాన్ని శబ్దంగా మార్చడం అనే పని మళ్లీ మొదటి నుంచి నేర్పనక్కరలేదు. కొరత అంతా మాటల దగ్గరే. సిలికానాంధ్ర వారు 2007లో మొదలుపెట్టిన మనబడి వంటి వారాంతపు తరగతులకు పంపినా, ఇంట్లో తెలుగు మాట వినిపించకపోతే అక్షరాలు నిలవవు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి చదివించే దగ్గరి దారి పట్టకండి. ఆ రాతలో ట కు త కు, ళ కు ల కు, హ్రస్వానికి దీర్ఘానికి ఉన్న తేడా చెరిగిపోతుంది.

ఆలస్యం అవుతున్నప్పుడు

పిల్లలందరూ ఒకే వేగంతో నేర్చుకోరు. అయితే రోజూ ఓపికగా నేర్పుతున్నా రెండో తరగతి ముగిసేసరికి తేలిక మాటలు కూడా చదవలేకపోతుంటే, ముందుగా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, పిలిస్తే పలకకపోవడం మొండితనం కాకపోవచ్చు. ఆ రెండూ బాగుండి, మాటల్లో చురుకుగా ఉన్న బిడ్డ అక్షరాల దగ్గర మాత్రమే ఇబ్బంది పడుతుంటే డిస్లెక్సియా ఉన్నదేమో నిపుణులకు చూపించాలి. అది తెలివితక్కువతనం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా కూడా చేరే నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది, దానికి తగిన బోధనా పద్ధతులు ఉన్నాయి. ఈ లోగా ఒక్కో తప్పుకు పదిసార్లు రాయమనే శిక్ష మాత్రం వేయకండి.

చదవడం వచ్చేసిన బిడ్డకు కూడా రాత్రిపూట చదివి వినిపించడం మానకండి. ఆరేడేళ్ల వయసులో తాను చదవగలిగే కథ చిన్నది, విని అర్థం చేసుకోగలిగే కథ దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఒక పేజీ మీరు, ఒక పేజీ బిడ్డ చొప్పున చదువుకుంటూ వెళ్లి, నక్క బావిలోకి తొంగిచూసిన చోట ఆపి, పుస్తకాన్ని తలగడ పక్కన తెరిచే ఉంచి, దీపం ఇంకొంతసేపు వెలగనివ్వండి.